బరిలో దానం: అమెరికా సహాయార్థ ముష్టియుద్ధ పోటీలు – క్యాన్సర్ నిధి (1921–1951)

వ్యాససంగ్రహం:
క్యాన్సర్ పరిశోధనకు, చికిత్సకు ధనం సమకూర్చడం కోసం యుద్ధక్రీడల పోటీలు జరపడం నేడు అనేక దేశాల్లో కనిపిస్తున్న పద్ధతి. దీని చారిత్రక మూలాలలో ముఖ్యమైనది ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో న్యూయార్క్ నగరంలో రూపొందిన సహాయార్థ ముష్టియుద్ధ సంప్రదాయం. 1921లో ఏర్పడిన పసిపిల్లల పాలనిధి, 1942లో జో లూయీ ఆడిన యుద్ధనిధి పోటీలు, 1946లో ఆరంభమైన డేమన్ రన్యన్ క్యాన్సర్ నిధి, ఆ నిధి కోసం 1950లో షుగర్ రే రాబిన్సన్ ఆడిన పోటీ అనే నాలుగు ఘట్టాల ఆధారంగా, ఈ దానంలో ఎవరు ఏమి ఇచ్చారు, ఎవరికి ఏమి దక్కింది అనే విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ముష్టియుద్ధం, సహాయార్థ పోటీ, పాలనిధి, క్యాన్సర్ నిధి, డేమన్ రన్యన్, జో లూయీ, షుగర్ రే రాబిన్సన్.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట 'బెనిఫిట్ షో' అనే మాటకు నేడు స్థిరపడిన అర్థం వేరు. కొత్త చలనచిత్రం విడుదలైనప్పుడు మామూలు ఆటలకంటే ముందుగా, ఎక్కువ ధరకు టిక్కెట్లు అమ్మి అభిమానుల కోసం వేసే ప్రత్యేక ప్రదర్శనను ఆ మాటతో వ్యవహరిస్తున్నారు. దాని మూలార్థం సహాయార్థ ప్రదర్శన. కష్టంలో ఉన్న కళాకారుని కోసమో, ఒక ప్రజాహిత కార్యం కోసమో ఆడి, వచ్చిన రాబడిని వారికి అప్పగించడం ఆ మాట చెప్పిన పని. కాలక్రమంలో పేరు నిలిచింది, లబ్ధిదారు మారాడు. ఈ అర్థపరిణామం ఒక ప్రశ్నను మిగులుస్తుంది. సహాయార్థం అని ప్రకటించిన ప్రతి ప్రదర్శనలో నిజంగా లబ్ధి పొందేది ఎవరు?

నాటకం విషయంలో కంటే ముష్టియుద్ధం విషయంలో ఈ ప్రశ్న మరింత తీవ్రమైనది. నటుడు తన కళను, కాలాన్ని ఇస్తాడు. ముష్టియోధుడు వాటితోపాటు తన శరీరాన్ని కూడా ఒడ్డుతాడు. ఆ శరీరవ్యయంతో సమకూరిన ధనం మరొకరి శరీరాన్ని కాపాడే వైద్యపరిశోధనకు చేరినప్పుడు, దానం అనే భావనలోనే ఒక వైరుధ్యం ఏర్పడుతుంది. సహాయార్థ పోటీల గురించిన కథనాలు సాధారణంగా వసూలైన మొత్తాన్ని చెప్పి ఆగిపోతాయి. ఆ మొత్తం వెనుక ఉన్న మిగిలిన లెక్కను కూడా చూసినప్పుడే ఈ చరిత్ర పూర్తిగా అర్థమవుతుంది.

2. అనుమతికి ఆధారమైన ధర్మం

పోరాట ప్రదర్శనకు ధర్మకార్యం తోడుకావడం అమెరికాలో పుట్టిన ఆచారం కాదు. జపానులో 'కన్జిన్ సుమో' అనే పేరుతో ఆలయ నిర్మాణానికి, మరమ్మతులకు విరాళాలు సేకరించే మల్లయుద్ధాలు జరిగేవి. పదిహేడో శతాబ్ది నడుమ ఎడో నగరంలో సుమో పోటీల సందర్భంగా తగాదాలు చెలరేగడంతో షోగున్ల ప్రభుత్వం వాటిని నిషేధించింది. 1684లో టొమియోకా హచిమాన్ ఆలయంలో కన్జిన్ సుమోకు తిరిగి అనుమతి లభించింది. తరువాతి కాలంలో అది వృత్తిక్రీడగా ఎదిగిన తర్వాత కూడా ధర్మార్థమనే పేరు చాలాకాలం కొనసాగింది. అనుమానానికి గురైన ఒక వినోదానికి ధర్మకార్యం అనుమతిపత్రంగా ఉపకరించిందని ఈ ఉదాహరణ సూచిస్తుంది.

న్యూయార్క్ రాష్ట్రంలో ముష్టియుద్ధం స్థితి కూడా చాలాకాలం ఇలాగే అనిశ్చితంగా ఉండేది. 1896లో చట్టబద్ధమైన ఈ క్రీడను 1900లో మళ్లీ కట్టడి చేశారు. 1911లో ఫ్రాలీ చట్టం పరిమితంగా అనుమతించింది. 1917లో ఆ చట్టం రద్దయింది. 1920లో వాకర్ చట్టం వచ్చాక గాని లైసెన్సులు, పర్యవేక్షక సంఘం, స్పష్టమైన నియమాలు గల క్రీడగా అది నిలదొక్కుకోలేదు. జూదం, మోసం, హింస అనే మూడు ఆరోపణలు అప్పటికీ దానిని వెన్నాడుతూనే ఉన్నాయి. అటువంటి క్రీడకు గౌరవనీయమైన కుటుంబాల ఆశీస్సులు అవసరమైన కాలమది. సహాయార్థ పోటీలు ఆ అవసరాన్ని తీర్చాయి.

3. పాలనిధి: దానం, పత్రిక, వ్యాపారం

పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్ భార్య మిలిసెంట్ హర్స్ట్ 1921లో పసిపిల్లల ఉచిత పాలనిధిని స్థాపించింది. న్యూయార్క్ నగరంలోని నిరుపేద కుటుంబాల పిల్లలకు ఉచితంగా పాలు అందించడం ఆ సంస్థ పని. దాని రాబడి మార్గాలలో ముష్టియుద్ధ పోటీలు ప్రధానమైనవి. 1923 ఏప్రిల్ 18న ప్రారంభమైన యాంకీ స్టేడియంలో మొట్టమొదటి ముష్టియుద్ధ కార్యక్రమం అదే సంవత్సరం మే 12న జరిగింది. మాజీ విశ్వవిజేత జెస్ విలార్డ్ పాల్గొన్న ఆ కార్యక్రమం పాలనిధి సహాయార్థం ఏర్పాటైనదే.

ఈ ఏర్పాటులో హర్స్ట్ పత్రికల పాత్ర కీలకమైనది. పోటీకి ప్రచారం పత్రికలు ఇచ్చేవి. వేదికను, యోధులను మాడిసన్ స్క్వేర్ గార్డెన్ వంటి సంస్థలు సమకూర్చేవి. రాబడిలో ఒక భాగం నిధికి చేరేది. 1930ల ఆరంభంలో గార్డెన్ యాజమాన్యానికీ పాలనిధికీ ఆర్థికమైన షరతుల విషయంలో వివాదం తలెత్తింది. దాని ఫలితంగా టిక్కెట్ల వ్యాపారి మైక్ జాకబ్స్‌తో హర్స్ట్ పత్రికలకు చెందిన ముగ్గురు పాత్రికేయులు చేతులు కలిపారు. వారు డేమన్ రన్యన్, ఎడ్ ఫ్రేన్, బిల్ ఫార్న్స్‌వర్త్. ఈ నలుగురి కలయికతో ట్వంటియెత్ సెంచరీ స్పోర్టింగ్ క్లబ్ పుట్టింది.

పాలనిధికి మంచి వాటా ఇవ్వడానికి పుట్టిన ఈ క్లబ్ కొద్ది సంవత్సరాలలోనే అమెరికా ముష్టియుద్ధ వ్యాపారంలో అగ్రస్థానానికి చేరింది. 1935లో జో లూయీని జాకబ్స్ తన ఒప్పందంలోకి తెచ్చుకోవడం అందుకు ముఖ్యకారణం. పాత్రికేయుల భాగస్వామ్యం బహిరంగంగా ప్రకటించినది కాదు. తమకు వాటా ఉన్న పోటీల గురించి తామే పత్రికల్లో రాసే పరిస్థితి ఏర్పడింది. పసిపిల్లలకు పాలు అందాయన్నది సత్యం. ఆ సత్యం చాటున ఒక గుత్తవ్యాపారం పెరిగిందన్నది కూడా అంతే సత్యం. సహాయార్థ పోటీల చరిత్రలో ఈ రెంటినీ కలిపి చదవవలసి ఉంటుంది.

4. జో లూయీ: దాతకు మిగిలిన ఋణం

1937 జూన్ 22న జేమ్స్ బ్రాడక్‌ను ఓడించి జో లూయీ హెవీవెయిట్ విశ్వవిజేత అయ్యాడు. అమెరికా రెండో ప్రపంచయుద్ధంలో ప్రవేశించిన మరుసటి నెలలోనే, 1942 జనవరి 9న, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బడ్డీ బేర్‌తో తలపడి మొదటి రౌండులోనే గెలిచాడు. తన పారితోషికాన్ని నౌకాదళ కుటుంబాల సహాయనిధికి ఇచ్చాడు. అదే సంవత్సరం మార్చి 27న ఏబ్ సైమన్‌పై గెలిచి, ఆ పారితోషికాన్ని సైన్యపు అత్యవసర సహాయనిధికి అందజేశాడు. రెండు పోటీల ద్వారా ఆయన ఇచ్చిన మొత్తం 80,000 డాలర్లకు పైబడినది. ఈ రెండు పోటీల నడుమనే ఆయన సైన్యంలో చేరాడు.

మొదటి దానం స్వీకరించిన నౌకాదళంలో ఆనాడు నల్లజాతివారికి దక్కే ఉద్యోగాలు దాదాపుగా వంటశాల, భోజనశాల సేవలకే పరిమితం. ఆ వివక్షను ఎత్తిచూపుతూ నల్లజాతి పత్రికల్లో లూయీ నిర్ణయంపై చర్చ జరిగింది. తన జాతిని సమానంగా చూడని సంస్థకు ఒక విజేత తన శ్రమఫలాన్ని ఎందుకివ్వాలన్నది ఒక వాదం. ఆ దానంతోనే వివక్షను సిగ్గుపడేలా చేయవచ్చన్నది మరొక వాదం. దాత గౌరవం, గ్రహీత నైతికత అనే రెండు అంశాలు ఆ చర్చలో ముఖాముఖి నిలిచాయి.

ఆ తర్వాత వచ్చిన చిక్కు పన్నుకు సంబంధించినది. పన్నుల శాఖ దృష్టిలో పారితోషికం మొదట యోధుని ఆదాయం, ఆ పిమ్మటనే దానం. వ్యక్తులు చేసే ధర్మదానాలకు ఆనాటి చట్టం ఇచ్చే మినహాయింపు ఆదాయంలో 15 శాతానికి మించదు. యుద్ధకాలంలో పన్ను రేట్లు అత్యధికంగా ఉండేవి. అందువల్ల లూయీ చేతికి రాని సొమ్ము కూడా ఆయన పన్ను లెక్కలో చేరింది. ఆయన ఋణభారమంతటికీ ఈ రెండు దానాలే కారణమనడం సరికాదు. తరువాతి పోటీల ఆదాయంపై పన్ను, విపరీతమైన ఖర్చు, వ్యవహారాలు చూసినవారి నిర్వహణ లోపాలు అందులో పెద్ద భాగం. అయితే దేశం కోసం ఇచ్చిన సొమ్ము కూడా దాత పేరున బకాయిగా నమోదు కావడం సహాయార్థ పోటీల నిర్మాణంలోని ఒక లోపాన్ని బయటపెట్టింది. 1950లలో ఆయన బకాయి 10 లక్షల డాలర్లు దాటింది.

5. రన్యన్ మరణం, క్యాన్సర్ నిధి జననం

పాలనిధి వివాదంలో జాకబ్స్ పక్షాన నిలిచిన డేమన్ రన్యన్ (1880–1946) న్యూయార్క్ క్రీడాజీవితాన్నీ, బ్రాడ్‌వే రాత్రులనూ కథలుగా మలచిన రచయిత. బ్రాడక్‌కు 'సిండరెల్లా మ్యాన్' అనే పేరు పెట్టింది ఆయనే. గొంతు క్యాన్సర్ సోకడంతో 1944లో జరిగిన శస్త్రచికిత్స ఆయన స్వరాన్ని హరించింది. అటు తర్వాత చెప్పదలచిన మాటలను కాగితపు ముక్కలపై రాసి చూపుతూ కాలం గడిపాడు. 1946 డిసెంబరు 10న కన్నుమూశాడు.

ఆయన మిత్రుడు, పాత్రికేయుడు వాల్టర్ విన్చెల్ తన రేడియో ప్రసంగంలో క్యాన్సర్‌పై పోరుకు విరాళాలు పంపవలసిందిగా శ్రోతలకు విజ్ఞప్తి చేశాడు. దానికి వచ్చిన స్పందన నుంచి డేమన్ రన్యన్ క్యాన్సర్ నిధి ఏర్పడింది. క్యాన్సర్ అనే పేరును పత్రికలు, రేడియో పలకడానికే సంకోచించిన కాలం అప్పటికి ఇంకా పూర్తిగా గతించలేదు. మరణవార్తల్లో 'దీర్ఘవ్యాధి' అనే మాట దాని స్థానంలో నిలిచేది. అటువంటి వాతావరణంలో ఒక ప్రసిద్ధుని పేరుతో వ్యాధి పేరును జోడించి, లక్షలాది శ్రోతల ఎదుట పలకడమే ఒక సామాజిక పరిణామం.

ఈ నిధి అనుసరించిన రెండు పద్ధతులు గమనింపదగినవి. ఒకటి, దాతలిచ్చిన ప్రతి డాలరూ పరిశోధనకే చేరాలి, నిర్వహణ వ్యయాన్ని వేరే మార్గంలో సమకూర్చుకోవాలి అన్న నియమం. రెండోది, వృత్తిజీవితం ఆరంభంలో ఉన్న యువశాస్త్రజ్ఞులకు పరిశోధక వేతనాలివ్వడం. నిధి సేకరణకు రంగస్థల, చలనచిత్ర, క్రీడాప్రముఖులు ముందుకు వచ్చారు. 1949 ఏప్రిల్‌లో మిల్టన్ బర్ల్ 16 గంటలపాటు నిర్వహించిన టెలివిజన్ కార్యక్రమం ఈ నిధి కోసమే జరిగింది. టెలిథాన్ అనే ప్రక్రియకు అదే ఆదిగా పేర్కొంటారు. పాలనిధి కాలంలో పత్రిక చేసిన పనిని క్యాన్సర్ నిధి కాలంలో రేడియో, టెలివిజన్ అందుకున్నాయి. బరి మాత్రం రెండు కాలాల్లోనూ కొనసాగింది.

6. షుగర్ రే రాబిన్సన్: ఒక్క డాలరు

రన్యన్ మరణించిన పది రోజులకు, 1946 డిసెంబరు 20న, షుగర్ రే రాబిన్సన్ వెల్టర్‌వెయిట్ విశ్వవిజేత అయ్యాడు. ఆ బిరుదును నిలబెట్టుకోవడానికి 1947 జూన్ 24న క్లీవ్‌లాండ్‌లో జిమ్మీ డాయిల్‌తో పోరాడాడు. ఎనిమిదో రౌండులో దెబ్బతిని పడిపోయిన డాయిల్ మరునాడు మరణించాడు. రాబిన్సన్ తన తరువాతి కొన్ని పోటీల ఆదాయం నుంచి డాయిల్ తల్లికి ఆర్థిక సహాయం ఏర్పాటు చేశాడు. రాబిన్సన్ దానశీలం గురించి మాట్లాడేటప్పుడు ఈ ఘట్టాన్ని పక్కన పెట్టడం సాధ్యం కాదు. ఆయన పిడికిలి ఒక ప్రాణాన్ని తీసింది. ఆ పిడికిలి సంపాదననే ఆయన తల్లికొకసారి, వ్యాధిగ్రస్తులకొకసారి ఇచ్చాడు. ఒకటి ప్రాయశ్చిత్తమని, మరొకటి దానమని విడదీసి చెప్పవచ్చునేమో గాని, రెండింటికీ మూలధనం ఒక్కటే.

1950 ఆగస్టు 9న జెర్సీ సిటీలోని రూజ్‌వెల్ట్ స్టేడియంలో చార్లీ ఫుసారితో రాబిన్సన్ తన బిరుదు కోసం 15 రౌండ్లు పోరాడి, పాయింట్ల ఆధిక్యంతో గెలిచాడు. పోటీ ఆద్యంతం ఏకపక్షంగా సాగింది. పారితోషికంలో 1 డాలరు మాత్రం తనకుంచుకొని, మిగిలినదంతా డేమన్ రన్యన్ క్యాన్సర్ నిధికి ఇచ్చాడు. వెల్టర్‌వెయిట్ బిరుదు కోసం ఆయన ఆడిన చివరి పోటీ ఇదే. 1951లో మిడిల్‌వెయిట్ విజేతగా ఐరోపా పర్యటించినప్పుడు పారిస్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడు వాంసాన్ ఓరియోల్ దంపతులను కలుసుకొని, క్యాన్సర్ నిమిత్తం విరాళపు చెక్కును అందజేశాడు. వేర్పాటు అమలులో ఉన్న దేశం నుంచి వచ్చిన ఒక నల్లజాతి యోధునికి దాత హోదాలో దేశాధ్యక్షుని గడప దాటే అవకాశం ఆ నిధి కల్పించింది. దానం గ్రహీతకే కాక దాతకు కూడా ఒక స్థానాన్ని ఇస్తుందనడానికి ఇది నిదర్శనం.

ఫుసారి పోటీ జరిగిన సరిగ్గా ఏడు వారాలకు, 1950 సెప్టెంబరు 27న, పదవీవిరమణ చేసిన జో లూయీ మళ్లీ బరిలో దిగవలసి వచ్చింది. యాంకీ స్టేడియంలో ఎజార్డ్ చార్లెస్ చేతిలో 15 రౌండ్ల పాటు దెబ్బలు తిని ఓడిపోయాడు. ఆయనను తిరిగి బరికి రప్పించింది పన్ను బకాయిల ఒత్తిడి. 1923లో పాలనిధి పోటీ జరిగిన మైదానం అదే. ఒకే సంవత్సరంలో ఒక విజేత దానం కోసం, మరొక విజేత గతంలో చేసిన దానం కూడా కలిసిన ఋణం కోసం పోరాడారు. సహాయార్థ పోటీ చరిత్రలోని రెండు ముఖాలు ఈ రెండు తేదీల నడుమ స్పష్టంగా కనిపిస్తాయి.

7. శరీరవ్యయం, నేటి పోటీలు

ముష్టిఘాతాలు మెదడుకు కలిగించే దీర్ఘకాలిక హానిని హారిసన్ మార్ట్‌లాండ్ అనే వైద్యుడు 1928లోనే అమెరికా వైద్యసంఘం పత్రికలో వివరించాడు. అంటే పాలనిధి పోటీలు జోరుగా సాగుతున్న కాలంలోనే ఈ వ్యయం వైద్యలోకానికి తెలిసినది. అయినా సహాయార్థ పోటీల జమాఖర్చులలో అది ఎన్నడూ నమోదు కాలేదు. రాబిన్సన్ తన చివరి సంవత్సరాలను అల్జీమర్స్ వ్యాధితో గడిపి 1989లో మరణించాడు. ఆ వ్యాధికి బరిలోని దెబ్బలే కారణమని ఒక వ్యక్తి విషయంలో నిర్ధారించడం కష్టం. కానీ వైద్యపరిశోధన కోసం ఒడ్డిన శరీరానికి వైద్యపరమైన భద్రత ఎంత దక్కిందన్న ప్రశ్న మాత్రం సమంజసమైనది.

1980ల చివర న్యూయార్క్‌లోని గ్లీసన్స్ జిమ్‌లో వైట్ కాలర్ బాక్సింగ్ రూపుదిద్దుకొంది. న్యాయవాదులు, బ్యాంకు ఉద్యోగులు వంటి వారు కొంత శిక్షణ పొంది తమలో తాము పోటీపడే పద్ధతి ఇది. బ్రిటన్‌కు చేరిన తర్వాత ఇది క్యాన్సర్ విరాళాలతో గట్టిగా ముడిపడింది. అక్కడ ఎనిమిది వారాల శిక్షణతో కొత్తవారిని బరిలో దింపి, వారు బంధుమిత్రుల నుంచి సేకరించిన సొమ్మును క్యాన్సర్ రిసెర్చ్ యూకే సంస్థకు అందజేసే పోటీలు విస్తృతంగా జరిగాయి. బోస్టన్‌లో ఆరంభమైన హేమేకర్స్ ఫర్ హోప్ సంస్థ కొత్తవారికి కొన్ని నెలల శిక్షణ ఇచ్చి క్యాన్సర్ సహాయార్థం పోటీలు నిర్వహిస్తోంది.

పాత పద్ధతికీ దీనికీ మౌలికమైన భేదముంది. రాబిన్సన్ ఇచ్చింది తన వృత్తి సంపాదన. నేటి పోటీదారు వృత్తియోధుడు కాడు. తరచుగా వ్యాధికి ఆప్తులను కోల్పోయినవాడు. అతడు సంపాదించి ఇవ్వడు, తన సాహసాన్ని చూపి ఇతరులచేత ఇప్పిస్తాడు. క్యాన్సర్‌పై పోరాటం అనే రూపకం అతని విషయంలో అక్షరార్థాన్ని సంతరించుకుంటుంది. రూపకానికి అంత బలమున్నప్పుడు, ప్రమాదం గురించిన విచారణ వెనుకబడే అవకాశం కూడా ఉంటుంది. 2022లో ఇంగ్లండులో ఇటువంటి సహాయార్థ పోటీలో పాల్గొన్న ఒక యువకుడు మరణించడంతో, ఔత్సాహిక సంఘాల పరిధికి వెలుపల జరిగే ఈ పోటీలపై పర్యవేక్షణ ఎవరిదన్న ప్రశ్న బహిరంగ చర్చకు వచ్చింది.

8. ముగింపు

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి:

1. సహాయార్థ పోటీలో నిధికి చేరే ధనంతోపాటు క్రీడకు చేరే గౌరవం కూడా ఒక లబ్ధి. ఎడో సుమో, న్యూయార్క్ ముష్టియుద్ధం రెండూ ఈ విషయాన్ని నిరూపిస్తున్నాయి.

2. పాలనిధి వివాదం నుంచి పుట్టిన క్లబ్ గుత్తవ్యాపారంగా మారడం, సత్కార్యం పేరు చాటున వ్యాపారప్రయోజనం ఎలా పెరుగుతుందో తెలియజేస్తుంది.

3. దాతకు రక్షణ కల్పించని ఏర్పాటులో దానమే ఋణంగా మారే ప్రమాదముందని జో లూయీ అనుభవం చెబుతుంది.

4. ప్రతి డాలరూ పరిశోధనకే అన్న రన్యన్ నిధి నియమం ధనం విషయంలో పారదర్శకతకు మేలైన ఉదాహరణ. అయితే అది ధనం లెక్కకే పరిమితం. యోధుని శరీరవ్యయాన్ని లెక్కించే నియమం ఆనాడు లేదు.

5. వృత్తియోధుని స్థానంలోకి సాధారణ పౌరుడు వచ్చిన నేటి పోటీలలో ఈ నాలుగో అంశం మరింత ప్రాధాన్యం సంతరించుకుంది. అనుభవం తక్కువైన కొద్దీ శిక్షణ, వైద్యపరీక్ష, పర్యవేక్షణ బాధ్యత నిర్వాహకులపై పెరుగుతుంది.

ఒక సహాయార్థ ప్రదర్శనను మూడు ప్రశ్నలతో చదవవచ్చు: లక్ష్యానికి ఎంత చేరింది, నిర్వాహకులకు ఏమి దక్కింది, ప్రదర్శించినవారు ఏమి కోల్పోయారు? ఈ ప్రశ్నలు ముష్టియుద్ధానికే పరిమితమైనవి కావు. తెలుగు నాటకసమాజాల సహాయార్థ ప్రదర్శనల చరిత్ర రాసేవారికి కూడా ఇవి ఉపకరిస్తాయి. మూడో ప్రశ్నకు సమాధానం దొరకని చోట దానచరిత్ర అసంపూర్ణంగానే మిగులుతుంది.